కనురెప్ప కింది ఎరుపు

మా ఇంట్లో అందరం నల్లగానే ఉంటాం. మా బాపు రేగడి చేనులో వంగి పని చేస్తుంటే భూమి ఎక్కడ అయిపోయిందో, బాపు ఎక్కడ మొదలయ్యాడో తెలియదని బాపమ్మ, అంటే బాపు వాళ్లమ్మ, కన్నకొడుకునే ఆటపట్టించేది. మా అవ్వ తాను చామనఛాయ అనుకునేది. కన్నతల్లి కదా అని మేమెవ్వరం ఎదురు చెప్పలేదు. పద్నాలుగేళ్లు వచ్చేదాకా నేనూ ఆ ఇంటి రంగు పిల్లనే. ఆ తర్వాత నాకు చలిజ్వరం పట్టుకుని నాలుగేళ్లు వదల్లేదు. ఆ నాలుగేళ్లలో నేను తెల్లగా అయ్యాను. జన్మలో అందగత్తె అనిపించుకున్నది ఆ కొద్దికాలమే కాబట్టి, ఆ ముచ్చట కొంచెం గొప్పగా చెప్పుకుంటే ఏమీ అనుకోవద్దు.

మాది కామారెడ్డి నుంచి రామారెడ్డి పోయే దారిలో ఒక పల్లె. నిజాం కాలం, పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. కామారెడ్డిలో రైలు ఆగేది, సర్కారు దవాఖాన ఉండేది. అయినా జ్వరం వస్తే మాకు బొంతలు, కషాయాలే దిక్కు. నా జ్వరం చాలా పద్ధతి గల జ్వరం. రోజు విడిచి రోజు, పొద్దు నడినెత్తికి రాగానే వచ్చేది. ముందు గోళ్లు నీలంగా మారేవి, తర్వాత పళ్లు టకటకా కొట్టుకునేవి. మూడు బొంతలు కప్పినా వణుకు ఆగకపోతే మా తమ్ముళ్లిద్దరూ నా మీదెక్కి కూర్చునేవాళ్లు. వాళ్లకది ఆట. పొద్దుగూకేసరికి చెమటలు పట్టి జ్వరం దిగేది. అప్పుడు నేను లేచి, చేటలో ఏరి పెట్టిన బియ్యం పిడికెడు తీసి పచ్చివే బుక్కేదాన్ని. ఒంట్లో నెత్తురు తగ్గిన వాళ్లకు అట్లాంటి పిచ్చి ఆశలు పుడతాయని తర్వాత తెలిసింది. అప్పటిదాకా తిండిపోతు అనే పేరు మోశాను.

నాలుగేళ్లు గడిచేసరికి ఎడమ డొక్కలో బల్ల కట్టింది. చెయ్యి పెడితే లోపల గట్టిగా తగిలేది. మా అరుగుకు మూడే మెట్లు. అవి ఎక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది. అట్లా కూర్చుని రొప్పుతుంటే వచ్చినవాళ్లు నన్ను చూసి, "పిల్ల ఎంత తెల్లగున్నదే!" అనేవాళ్లు. అవ్వ ముఖం వెలిగిపోయేది. నిజం చెప్పాలంటే నా ముఖం కూడా.

నాకు పద్దెనిమిది నిండాయి. ఆ రోజుల్లో పెళ్లి కాని పిల్లకు అది చాలా పెద్ద వయసు. జ్వరం సంగతి తెలిసి రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మూడోది ఎల్లారెడ్డి నుంచి వచ్చింది. మా ముచ్చట అంత దూరం పాకలేదు. పిల్లను చూసుకోవడానికి అయ్యగారు మంచిరోజు చెబితే, బాపు వేళ్ల మీద లెక్కపెట్టి, "అది జరమొచ్చే రోజు అయ్యగారూ, ఎనుకముందు సూడుండ్రి," అన్నాడు. పాపం, ఆయన పంచాంగంలో నా జ్వరం లేదు. మొత్తానికి ఇద్దరూ కూడబలుక్కుని జ్వరం రాని రోజే ఖాయం చేశారు. ఎల్లారెడ్డి వాళ్లు ఒక రోజు ఆలస్యంగా వచ్చారు. అది కూడా సరిగ్గా మిట్టమధ్యాహ్నం.

చాప మీద కూర్చోబెట్టేసరికి నాకు వణుకు మొదలైంది. పెళ్లికొడుకు తల్లి నా పక్కకు జరిగి ముంజేయి పట్టుకుంది. ఏడేళ్లప్పుడు వేయించిన పచ్చబొట్టు ఉంది దాని మీద, తులసికోట బొమ్మ. ఆవిడ దాన్ని వేలితో తడిమి, "తెల్లటి చెయ్యి మీద ఎంత ముద్దుగున్నది! మరి పక్కన గీ ఒంటి చుక్క ఏందమ్మా?" అని అడిగింది.

"సూది గుచ్చంగ... చెయ్యి... గుంజుకున్న," అన్నాను పళ్లు కొట్టుకుంటుంటే.

"అబ్బ, ఎంత సిగ్గో సూడుండ్రి! మాట గూడ వణుకుతున్నది పిల్లకు. చెయ్యి సూస్తే వెన్నపూసే!"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండింటికీ ఓపిక లేదు కాబట్టి తల దించుకున్నాను. దాంతో సిగ్గు పక్కా అయిపోయింది. ఆవిడే నా నుదుట బొట్టు పెట్టింది. వైశాఖంలో లగ్గం అనుకున్నారు. పెళ్లికొడుకు రాలేదు, పెద్దలు చూస్తే చాలు అనుకునే రోజులు. తనకు ఏ రంగు పిల్లను ఖాయం చేశారో ఆయనకు చెప్పినట్టు కూడా లేరు.

వాళ్ల బండి ఊరు దాటిందో లేదో నేను పడకేశాను. రెండు రోజులు లేవలేదు. మూడోనాడు బాపమ్మ కర్ర నేలకేసి కొట్టి, "పిల్లను ఇస్తరార్రా వాళ్లకు, పీనుగను ఇస్తరా? బండి కట్టు!" అని బాపును గదిమింది. అట్లా నలుగురం కామారెడ్డి దవాఖానకు చేరాం.

డాక్టరు సగం ఉర్దూ, సగం మా భాష కలిపి మాట్లాడే పెద్దాయన. నా కడుపు నొక్కి చూశాడు, గోళ్లు చూశాడు, కింది కనురెప్ప వేలితో లాగి చూశాడు. బాపును దగ్గరికి పిలిచి, "దేఖో. గిక్కడ ఎర్రగుండాలె. నీ బిడ్డకు సున్నమేసినట్టున్నది. నాలుగేండ్ల సంది జరం ఖూన్ తింటున్నది," అన్నాడు.

"లగ్గం కుదిరింది సాబ్," అన్నాడు బాపు.

"చెయ్యి, ఎవరొద్దన్నరు? నెత్తురు పట్టినంక చెయ్యి. గిట్లనే పంపితే మొదటి కాన్పుకు పిల్ల నీకు దక్కదు."

అవ్వ ఏడుపు అందుకుంది. డాక్టరు ఓపికగా మందులు చెప్పాడు. ముందు జ్వరానికి కొయినా బిళ్లలు. తర్వాత నెత్తురు పట్టడానికి ఇనుము కలిపిన నీళ్ల మందు. వారం వారం మేక కార్జం. ఇట్లా చేస్తే నాలుగు నెలల్లో పిల్లకు మంచి రంగు తిరుగుతుందన్నాడు. అవ్వ ఏడుపు టక్కున ఆగింది.

"ఏం రంగు సాబ్?"

డాక్టరు అవ్వను చూశాడు, బాపును చూశాడు. "మీ రంగే," అన్నాడు.

అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని, చాలా మర్యాదగా, "అయితే గీ మందు లగ్గమయినంక సురువు చేస్తే నడవదా?" అని అడిగింది. డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన నోరు తెరిచేలోపే బాపమ్మ మందు సీసా కొంగులో కట్టుకుని బయటికి నడిచింది.

అవ్వ మీద నాకు కోపం రాలేదు. రెండు సంబంధాలు పోయినప్పుడు ఆవిడ వంటింట్లో ఒక్కతే కూర్చుని ఏడవడం నేను చూశాను. ఇదీ పోతే నాకు ఇక పెళ్లి కాదని ఆవిడ భయం. డాక్టరు చెప్పిన చావు ఎప్పుడో, ఎక్కడో. వైశాఖం మాత్రం కళ్లముందే ఉంది.

కొయినా బిళ్లలు బెల్లంలో పెట్టి మింగించారు. అవి మింగితే చెవుల్లో కామారెడ్డి రైలు కూసేది. నెల తిరిగేసరికి జ్వరం తోక ముడిచింది. ఇక ఇనుప మందు. సీసాకు పక్కన కాగితం పట్టీ అంటించి, దానికి గాట్లు పెట్టి ఇచ్చారు, పూటకు ఒక గాటు చొప్పున తాగాలని. నేను పూటకు ఒక గాటు చొప్పున పెరట్లో బంతి చెట్టు మొదట్లో పోశాను. తప్పు అవ్వ మీదికి తోయను, అది నా పనే. నాకు తెల్లగా ఉండటం ఇష్టం. పద్దెనిమిదేళ్ల పిల్లను మొదటిసారి వెన్నపూస అంటే, ఆ మాటను మందుతో కడిగేసుకోవడానికి మనసొస్తుందా? అవ్వకు సంగతి తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆ ఏడు మా బంతి చెట్టు మాత్రం ఎన్నడూ లేనంత ఏపుగా పెరిగింది.

ఒకరోజు పొద్దున వాకిట్లో అందరం మక్కకంకులు ఒలుస్తున్నాం. బాపమ్మకు మనుషులను అనుకరించడం పుట్టుకతో వచ్చిన విద్య. ఆ రోజు ఎల్లారెడ్డి వియ్యపురాలి వంతు. ఒక కంకిని ముంజేయి లాగా పట్టుకుని, దాని మీసాలు నిమిరి, "అబ్బ, ఎంత సిగ్గో! వెన్నపూసే!" అంది అచ్చం ఆవిడ గొంతుతో. తమ్ముళ్లు దొర్లి దొర్లి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు మొదలైంది గానీ ఊపిరి దానితో పాటు రాలేదు. వాకిలి గుండ్రంగా తిరిగింది, మధ్యాహ్నం కాకుండానే చీకటి పడింది, నేను కంకుల కుప్ప మీద పడిపోయాను.

కళ్లు తెరిచేసరికి నా తల అవ్వ ఒడిలో ఉంది. బాపమ్మ కొయ్యబారి నిలబడింది. ఆవిడను అంత భయంగా నేను ఎప్పుడూ చూడలేదు. నా నోరు తెరిపించి చూసి, "నాల్కె మీద మందు మరక లేదు. పిల్ల మందు తాగుతలేదే," అంది అవ్వతో. అవ్వ నెత్తి కొట్టుకుని, లేచి లోపలికి పోయి సీసా తెచ్చి, తన చేత్తో గ్లాసులో పోసింది.

"నల్లగయితే కానీ బిడ్డా, కాకి లెక్క కానీ. నువ్వు నవ్వు. నాకు గంతే సాలు."

ఆ మందు తుప్పు నీళ్ల రుచి. అయినా అవ్వ కళ్లలోకి చూస్తూ గటగటా తాగాను. ఆ క్షణంలో మా అవ్వ మీద పుట్టిన ప్రేమ ఇప్పటికీ నాకు చెప్పడానికి రాదు.

ఇక అక్కడి నుంచి అంతా పండగే. మందుకు పళ్లు నల్లబడుతున్నాయని బాపమ్మ బొప్పాయి ఆకు కాడ కోసిచ్చింది. లోపల బోలుగా ఉండే ఆ కాడతో పీల్చి తాగేదాన్ని. తమ్ముళ్లు తమకూ కాడలు కావాలని ఏడిస్తే మజ్జిగ గ్లాసులిచ్చి పక్కన కూర్చోబెట్టారు. ఆదివారం ఊళ్లో యాట కోస్తే కార్జం మా ఇంటికే వచ్చేది. బాపమ్మ దాన్ని నిప్పుల మీద కాల్చి, ఉప్పూ కారం అద్ది నా ఒక్కదానికే పెట్టేది. తమ్ముళ్లు గుటకలు మింగుతూ చూస్తుంటే, "మీకు జరం రాకపాయె, నేనేం జెయ్యాలె?" అనేది.

ముందు ఆకలి వచ్చింది. తర్వాత పచ్చి బియ్యం మీద ఆశ పోయింది. ఒకనాడు లేగదూడ తాడు తెంపుకుంటే దాని వెంట వీధి చివరిదాకా ఉరికి, పట్టుకుని వచ్చి, మూడు మెట్లూ ఎక్కాను. ఎక్కిన తర్వాత గుర్తొచ్చింది, రొప్పడం మర్చిపోయానని. మళ్లీ దిగి మళ్లీ ఎక్కాను. పిచ్చిదానిలా నాలుగైదు సార్లు ఎక్కి దిగాను. రంగు అన్నిటికంటే చివర వచ్చింది. ముందు పెదవులకు, చెవి తమ్మెలకు, ఆ తర్వాత ఒళ్లంతా. మాఘమాసం వచ్చేసరికి బాపు తన చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టి, "గిప్పుడు నా బిడ్డవు," అని మురిసిపోయాడు.

లగ్గం బట్టలు రెండు వైపుల వాళ్లూ కలిసి కొనడం మా దిక్కు ఆనవాయితీ. కామారెడ్డిలో స్టేషన్ దగ్గర ఒక బట్టల దుకాణంలో కలుద్దామని కబురొచ్చింది. మేం ఎల్లారెడ్డికి ఏ సంగతీ చెప్పలేదు. బయలుదేరేముందు అవ్వ ఎవరినో అడిగి తెచ్చిన పౌడరు నా ముఖానికి దట్టించింది. బండిలో చెమట పడితే అది చారలు చారలుగా దిగింది. నాకు ఒళ్లు మండి, దుకాణం ముందు నీళ్లడిగి ముఖం కడిగేసుకున్నాను. నెలల తరబడి తుప్పు నీళ్లు తాగి తెచ్చుకున్న రంగు అది. దాన్ని దాచిపెట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు.

పెళ్లికొడుకు తల్లి అప్పటికే లోపల చీరలు పరిపించుకుని కూర్చుంది. నన్ను చూసి నవ్వి, నా వెనకకు తొంగి చూసి, "వదినె, పిల్లేది? తోల్కరాలేదా?" అంది.

"గిదే కదా వదినె, మా పిల్ల," అంది అవ్వ.

ఆవిడ నన్ను పై నుంచి కిందికి చూసింది. చేతిలో చీర కింద పడేసింది. "మాకు ఒకదాన్ని సూపిచ్చి ఇంకోదాన్ని అంటగడుతున్నరా? నా కండ్లకేమన్న పొరలొచ్చినయా? మేం సూసిన పిల్ల వెన్నపూస లెక్కుండె!" అని లేచి నిలబడింది. దుకాణంలో అందరూ మా వైపు తిరిగారు. సేటు ఎందుకైనా మంచిదని చీరలు మడత పెట్టడం మొదలుపెట్టాడు. అవ్వ వణుకుతోంది. అది చూసి నాకు వణుకుకు బదులు కోపం వచ్చింది. ముంజేయి ముందుకు చాపాను.

"అత్తమ్మా, గీ ఒంటి చుక్క యాదికున్నదా? సూది గుచ్చంగ గుంజుకున్ననని చెప్పిన. ఆనాడు నేను సిగ్గుపడలే. సలిజరంతోని వణికిన. నాలుగేండ్ల జరం నా నెత్తురంత తిన్నది, అందుకే తెల్లగున్న. గిప్పుడు మందు తాగి మంచిగయిన. నా రంగు గిదే."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగింది. తులసికోట మీద వేలు పెట్టి, పక్కనున్న చుక్క మీద ఆపింది. చాలాసేపు ఆ వేలు అక్కడే ఉంది.

"నెత్తురు లేకపోతే తెల్లగయితరా?" అని అడిగింది మెల్లగా.

డాక్టరు చూపించినట్టే నేను నా కింది రెప్ప లాగి చూపించాను. లోపల గిక్కడ ఎర్రగుండాలట అన్నాను. ఆవిడ దగ్గరికి వంగి చూసింది. తర్వాత దుకాణంలో గోడకున్న అద్దం దగ్గరికి పోయి తన రెప్ప కూడా లాగి చూసుకుంది. వెనక్కి వచ్చి చీరల మీదే కూలబడింది.

"మా పెద్ద కోడలు పోయినేడు కాన్పుల పోయింది," అంది అవ్వ వైపు చూస్తూ. "మా దిక్కు కాలువ నీళ్లొచ్చినంక ఇంటింటికి సలిజరమే వదినె. పోయేముందు ఆ పిల్ల పాల లెక్క తెల్లగయింది. మా ఇంట్ల కాలు వెట్టినంక రంగొచ్చిందని నేనే నలుగురితోని చెప్పుకున్న."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే ఏదో తట్టినట్టు తలెత్తింది.

"మా సిన్న బిడ్డ... పద్నాలుగేండ్లది. ఏడాది సంది తెల్లగయితున్నది. ఊరంత మెచ్చుకుంటున్నరు. ఆ దవాఖాన యాడున్నది?"

మా అందరికంటే ముందు సేటే దారి చెప్పాడు. బాపు గొంతు సవరించుకుని, "మరి లగ్గం సంగతి అక్కా?" అని అడిగాడు.

"లగ్గానికేమయిందన్నా? పిల్ల మంచిగనే ఉన్నది గద!" అని ఆవిడ కసురుకుంది, తప్పంతా బాపుదే అన్నట్టు. నాకు నవ్వొచ్చింది. మా అవ్వ మాత్రం గోడకు ఆనుకుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఈసారి ఆ ఏడుపు చూసి నాకు ఎంత సంతోషమైందో!

ఆ రోజు చీరలు కొనలేదు. వారం తిరిగేలోపు ఆవిడ బిడ్డను తీసుకుని బస్సులో కామారెడ్డి వచ్చింది, దవాఖానలో చూపించి, ఆ తర్వాతే మేం ఎదురుచూస్తున్న దుకాణానికి వచ్చింది. నా మీద నాలుగు చీరలు పెట్టి చూసి, చివరకు చిలకపచ్చది తీసి, "నల్ల పిల్లకు గిది కొట్టొచ్చినట్టుంటది," అంది మనస్ఫూర్తిగా.

వైశాఖంలో లగ్గమైంది. మా వారు నన్ను అప్పుడే మొదటిసారి చూశారు. తెల్లగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆయనకు ఏ లోటూ కనిపించలేదు.

ఎల్లారెడ్డిలో అడుగుపెట్టిన మర్నాడు కొత్త కోడలి ముఖం చూడటానికి వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చారు. నన్ను చూసి ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. చివరకు ఒక పెద్దావిడ ఉండబట్టలేక, "తెల్లటి కోడలొస్తదని చెప్పితివి గదనే?" అని అత్తమ్మను అడిగేసింది.

అత్తమ్మ కొంచెం కూడా తడబడలేదు. "బిడ్డా, గిటు వెలుగుకు రా," అని నన్ను గడప దగ్గరికి తీసుకుపోయి, అంతమంది ముందు నా కింది కనురెప్ప వేలితో లాగింది. నెక్లెస్ చూపించినట్టు ఒక్కొక్కరినీ పిలిచి చూపించింది. "సూడుండ్రి. ఎట్లున్నది? దానిమ్మ గింజ లెక్క లేదా?" అంది. ఏం చూడాలో తెలియకపోయినా వాళ్లంతా వరుసలో వచ్చి నా కంట్లోకి తొంగి చూశారు.

అప్పుడే మా ఆడబిడ్డ వంటింట్లో నుంచి ఉరికొచ్చింది. చేతిలో బొప్పాయి కాడ, నాలుక మీద మందు మరక. నన్ను పక్కకు నెట్టి, తన రెప్ప తనే లాగి, "నాదో? నాది సూస్తలేరేంది?" అని అరిచింది. తన రెప్ప ఇంకా ఎరుపెక్కలేదు, గులాబీ రంగు దగ్గరే ఆగింది. అయినా అత్తమ్మ వంగి చూసి, ఒక్కసారి ఆ పిల్లను గట్టిగా గుండెలకు హత్తుకుంది. ఆ పిల్ల ఊపిరాడక గింజుకుంటూ నాలుక బయట పెడితే వాకిలంతా నవ్వింది. కొత్త కోడలు నవ్వకూడదని తెలిసినా నేనూ నవ్వాను. కళ్లలో నీళ్లు తిరిగేదాకా, పొట్ట నొప్పి పుట్టేదాకా నవ్వాను. ఊపిరి చివరిదాకా నాతోనే ఉంది.